ఏటి గట్టున కాటేజీలు, చెరువు పక్కన క్యారవాన్లు: అపోహలు – వాస్తవాలు

పోయిన వారం ఒంగోలు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "పిల్లలతో వస్తున్నామండీ, మెట్టు దిగితే నీళ్ళు తగిలేంత దగ్గర కాటేజీ కావాలి" అన్నారు. మా దగ్గర అలాంటివి లేవని చెప్పాను. ఒకప్పుడు రెండు ఉండేవి. నెల్లూరు జిల్లాలో సోమశిల డ్యాంకు దిగువన పెన్న గట్టు మీద చెక్క కాటేజీలు, క్యారవాన్లు (లోపలే పడుకునే వసతి ఉన్న బండ్లు) ఆగే జాగా 2018 నుంచి నడుపుతున్నాను. రోజూ ఫోన్లలో వినే అపోహలే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: నీళ్ళకు ఎంత దగ్గరైతే అంత మంచి కాటేజీ.

మొదట్లో నేనూ ఇదే నమ్మాను. అందుకే రెండు కాటేజీలు ఒడ్డుకు 40 అడుగుల్లోనే కట్టించాను. అది ఎండాకాలం. ఇసుక మధ్యన ఒక్క పాయ మోకాలి లోతున పారుతోంది. చేపలు పట్టుకునే పెద్దాయన ఒకాయన పని చూడ్డానికి వచ్చి, ఒడ్డున ఉన్న తుమ్మచెట్టు చూపించాడు. "ఆ కొమ్మల్లో ఏముందో చూడయ్యా" అన్నాడు. నా తలకు రెండు మూరలు పైన, ముళ్ళకు చిక్కుకొని ఎండిన వరిగడ్డి, చిరిగిన ప్లాస్టిక్ సంచి, వల ముక్క ఒకటి వేలాడుతున్నాయి. గాలికి ఎగిరొచ్చాయనుకున్నాను. "గాలికి రాలా. ఏరు వొచ్చినప్పుడు పెట్టిపోయింది" అన్నాడు. విన్నాను గానీ కాటేజీలు జరపలేదు.

2021 నవంబరులో కడప వైపు కుండపోత వానలు పడ్డాయి. 19వ తేదీన, పెన్నలో కలిసే చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. సోమశిల గేట్ల నుంచి 5 లక్షల క్యూసెక్కులకు పైగా నీళ్ళు కిందికి వచ్చాయి. కోవూరు దగ్గర జాతీయ రహదారి మీద రాకపోకలు ఆగాయి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. హెచ్చరిక రాగానే వచ్చినవాళ్ళందరినీ పంపేశాను, కాబట్టి మనుషులకేమీ కాలేదు. కాటేజీలు రెండూ పోయాయి, పునాది రాళ్ళు మిగిలాయి. తుమ్మచెట్టు నిలబడే ఉంది. దాని మీద కొత్త చెత్త పాతదానికంటే పైకొమ్మకు పట్టుకొని ఉంది.

అందుకే ఎక్కడ దిగినా ముందు చెట్లు చూడండి. కొమ్మల్లో చెత్త ఎంత ఎత్తున ఉంది, పాత గోడల మీద బురద గీత ఎక్కడ దాకా ఉంది, ఊళ్ళోవాళ్ళు ఇళ్ళ అరుగులు ఎంత ఎత్తు కట్టుకున్నారు? కాటేజీ నేల దానికంటే పైన ఉండాలి. నీళ్ళు కాస్త దూరమైనా కనబడతాయి, చల్లగాలి వస్తుంది, రాత్రి నిద్ర పడుతుంది.

చెరువుల దగ్గర ఇంకో తిరకాసు ఉంది. విజయనగర కాలంలో వరదరాజమ్మ కట్టించిందని చెప్పుకునే కంభం చెరువునే తీసుకోండి. ఎండాకాలం నీళ్ళు లోపలికి పోయాక, పచ్చగడ్డి మొలిచిన చదును నేల కనబడుతుంది. టెంటు వేసుకోడానికి, బండి నిలపడానికి దేవుడిచ్చిన చోటులా ఉంటుంది. అది చెరువు గర్భం. పైన నడిచే మట్టి గట్టిగా ఉన్నా, కింద జానెడు లోతులో రొంపి ఉంటుంది.

అపోహ: ఇక్కడ వాన లేదు కదా, ఏటికి నీళ్ళెలా వస్తాయి?

పెన్న పుట్టేది కర్ణాటకలో, నంది కొండల్లో. సముద్రం చేరేదాకా దాదాపు 600 కిలోమీటర్లు ప్రయాణం చేస్తుంది. దారిలో చిత్రావతి, పాపాఘ్ని, కుందూ, సగిలేరు, చెయ్యేరు కలుస్తాయి. రాయలసీమలో పడ్డ వాన సోమశిలలో చేరుతుంది, జలాశయం నిండితే గేట్లు ఎత్తుతారు. నెల్లూరులో ఎండ కాస్తుండగానే ఏటికి నీళ్ళు రావచ్చు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఇసుకలో టెంటు వేయొద్దు, బండి దించొద్దు. మన జిల్లాలో సగానికి పైగా వాన ఆ మూడు నెలల్లోనే పడుతుంది. సైరన్ మోగితే సామాను సర్దుకోకండి, పిల్లల్ని ఎత్తుకొని గట్టెక్కండి.

అపోహ: కదలని నీళ్ళు కాబట్టి చెరువులో పిల్లల్ని ఆడించొచ్చు.

నాకు టెన్షన్ పెట్టేది ఇదే. చెరువులో ప్రవాహం కనబడదు గానీ తూము దగ్గర లోపల లాగుతుంది. పైన ఒక చిన్న సుడి తిరుగుతూ కనిపిస్తుంది, అంతే. ఆ చుట్టుపక్కల ఈత కొట్టొద్దు. జలాశయాల్లో అయితే మునిగిన ఊళ్ళ పాతబావులుంటాయి. ఏట్లో ఇసుక తీసిన గోతులుంటాయి. ఒక అడుగు చీలమండ లోతు, తర్వాతి అడుగు నిలువు లోతు. ఇసుక అంచు కాలి కింద విరిగిపోతుంది కాబట్టి ఈత వచ్చినవాడు కూడా వెనక్కి ఎక్కలేడు.

లైఫ్ జాకెట్ పిల్లల సైజుది కావాలి. పెద్దవాళ్ళది వేస్తే నీళ్ళలో పడగానే జాకెట్ పైకి తేలుతుంది, పిల్లాడు కిందికి జారిపోతాడు. కాళ్ళ మధ్యనుంచి పట్టీ ఉందా లేదా చూసుకోండి. ఎవరైనా మునుగుతుంటే దూకకండి, తాడో, చీరో, ఖాళీ బిందో విసరండి.

అపోహ: వెల్లుల్లి నూరి చల్లితే, కార్బాలిక్ యాసిడ్ పోస్తే పాములు రావు.

పాము వచ్చేది ఎలుక కోసం, కప్ప కోసం. తిన్న విస్తళ్ళు, అన్నం మెతుకులు కాటేజీ బయట పడేస్తే ఎలుక వస్తుంది, దాని వెనకే పాము. కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్ళనే ఎక్కువగా కాటేస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగ్గా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలైతే అజీర్తి అనుకొని ఊరుకోకూడదు. మంచం మీదే పడుకోండి, దోమతెర అంచులు పరుపు కిందికి నాలుగు వైపులా దోపండి. నేను కాటేజీల్లో నేల పడక ఇవ్వను, ఎంతమంది అడిగినా. కాటు పడితే కట్లు కట్టొద్దు, కోయొద్దు. ఆ కాలో చెయ్యో కదలకుండా పెట్టి 108కి ఫోన్ చేసి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి.

అపోహ: చలిగా ఉంది, కుంపటి లోపల పెట్టుకుంటే వెచ్చగా ఉంటుంది.

చేపలు కాల్చుకున్న బొగ్గుల కుంపటిని తలుపులేసిన గదిలోకి తెచ్చుకుంటే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. రంగుండదు, వాసనుండదు. నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇంజిన్ నడుస్తుండగా ఏసీ వేసుకొని క్యారవాన్‌లో పడుకోవడం కూడా ఇంతే ప్రమాదం. బండిని కరెంటు ప్లగ్గుకు కలపండి, ఇంజిన్ ఆపేయండి.

ఆ ప్లగ్గు సంగతి కూడా ఒక మాట. నీళ్ళ పక్కన తడికాళ్ళతో తిరుగుతాం కాబట్టి 30 మిల్లీఆంపుల కరెంటు లీకైనా ట్రిప్పయ్యే పరికరం (ఆర్‌సీసీబీ) ఉండాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది. నొక్కి చూపించమని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

అపోహ: క్యారవాన్ ఉంటే ఎక్కడైనా ఆగొచ్చు.

మన దగ్గర క్యారవాన్లు చాలావరకు టెంపో ట్రావెలర్లనో బస్సులనో మార్చి కట్టినవి. పైన ఏసీ, నీళ్ళ ట్యాంకు చేరాక ఎత్తు, బరువు రెండూ పెరుగుతాయి. కాలువ కట్ట అంచు ఆ బరువుకు కుంగుతుంది. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో ఒక్క వాన పడితే ట్రాక్టరు రావాల్సిందే. ఊళ్ళలో వేలాడే కరెంటు తీగలున్న చోట ఒకరు దిగి ముందు నడవాలి.

అపోహ: సెలవులంటే వేసవే.

రోహిణి కార్తెలో మా కాటేజీలు నేనే మూసేస్తాను. సంక్రాంతి తర్వాత ఫిబ్రవరి దాకా రండి. నీళ్ళు నిండుగా, తేటగా ఉంటాయి.

అపోహ: మరుగుదొడ్డి ట్యాంకు కాలువలో వదిలితే కొట్టుకుపోతుంది.

సోమశిల నీళ్ళు కండలేరుకు, అక్కడినుంచి కాలువలో చెన్నై దాకా తాగడానికి పోతాయి. దారి పొడవునా ఆడవాళ్ళు బిందెలు ముంచుతారు, పశువులు తాగుతాయి. ఆ కాలువలోకి ట్యాంకు గొట్టం వదులుతున్న బండిని ఒకసారి కళ్ళారా చూసి ఆపించాను. ఆ బండాయన చెడ్డవాడు కాదు, ఎక్కడ ఖాళీ చేయాలో తెలియక చేశాడు. మా దగ్గర గేటు పక్కన సెప్టిక్ ట్యాంకుకు మూత పెట్టిన గొట్టం ఉంది. మా దగ్గర దిగకపోయినా పరవాలేదు. ఆగి ఖాళీ చేసుకొని వెళ్ళండి, డబ్బులు తీసుకోను.