నిద్ర పట్టడం లేదని వచ్చేవాళ్లు: చైనాటౌన్ క్లినిక్కుల్లో డిప్రెషన్ స్క్రీనింగ్ వెనక కథ

బాస్టన్ చైనాటౌన్‌లో సౌత్ కోవ్ అనే ఆరోగ్య కేంద్రం ఉంది. అక్కడికొచ్చే చైనీయుల్లో డిప్రెషన్ ఉన్నట్టు తేలినవాళ్లను సైకియాట్రిస్ట్ ఆల్బర్ట్ యుంగ్ బృందం మీ బాధేమిటని అడిగింది. నూటికి 76 మంది ఒంటి బాధలే చెప్పుకున్నారు. దిగులుగా ఉంటోందని తమంతట తాము అన్నవాళ్లు ఒక్కరూ లేరు. అదే మనుషులను ప్రశ్నావళి పెట్టి సూటిగా అడిగితే నూటికి 90 మందికి పైగా ఔనన్నారు. ఈ ఫలితం 2004లో అచ్చయింది. చైనావాళ్లు మనసులో మాట బయటపెట్టరు అనేవాళ్లకు ఇంతకంటే జవాబు అక్కర్లేదు. వాళ్లు దాచలేదు, డాక్టరుకు చెప్పుకోవాల్సిన విషయం అనుకోలేదు, అంతే.

ఎందుకు అనుకోలేదో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1869లో జార్జ్ బియర్డ్ అనే అమెరికన్ డాక్టర్ న్యూరస్తీనియా అనే జబ్బుకు ప్రచారం తెచ్చాడు. మనవాళ్లు నరాల బలహీనత అంటారే, ఇంచుమించు అదే. అమెరికాలో అది క్రమంగా మూలపడి, 1980లో అక్కడి మానసిక వ్యాధుల పట్టిక నుంచే పోయింది. చైనాలో మాత్రం నరాల జబ్బుగానే పాతుకుపోయింది. ఆ 1980లోనే ఆర్థర్ క్లైన్‌మన్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ చాంగ్షా నగరంలో ఆ ముద్ర పడిన 100 మందిని పరీక్షిస్తే, 87 మందికి ఉన్నది డిప్రెషనే అని తేలింది. అమెరికా పంపించి మరిచిపోయిన జబ్బు వలసవాళ్ల వెంట మళ్లీ అమెరికాకే చేరిందన్నమాట.

ఆ వలస కుటుంబాలతో ఊపందుకున్నదే ఆలస్యంగా. అమెరికా 1882 చట్టం చైనా కూలీలకు తలుపులు మూసింది. 1943లో దాన్ని ఎత్తేసినా ఏడాదికి 105 మందికే చోటిచ్చారు. 1965 చట్టం తర్వాతే కుటుంబాలు పెద్ద సంఖ్యలో వచ్చాయి. ఇంగ్లీషు రాని వాళ్ల కోసం 1970ల మొదట్లో న్యూయార్క్, బాస్టన్ చైనాటౌన్‌లలో సొంత క్లినిక్కులు పుట్టాయి. సైకియాట్రిస్ట్ గడప తొక్కనివాళ్లు కూడా బీపీ మాత్రల కోసం అక్కడికి వచ్చేవాళ్లు. అందుకే న్యూయార్క్ క్లినిక్ 1998లో బ్రిడ్జ్ పేరుతో మానసిక వైద్యాన్ని మామూలు ఓపీలోకే తెచ్చింది.

డిప్రెషన్‌ను ముందుగా పసిగట్టే స్క్రీనింగ్‌కు పరికరం దొరకడం కష్టం కాలేదు. 2001లో వచ్చిన పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నావళిలో తొమ్మిదే ప్రశ్నలు. గత రెండు వారాల్లో నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, చచ్చిపోతే బాగుండు అనిపించిందా... ఒక్కోదానికి సున్నా నుంచి 3 మార్కులు. చైనీస్ భాషలో కూడా ఇది బాగానే పనిచేస్తుందని 2008లో సౌత్ కోవ్‌లోనే తేలింది.

చిక్కంతా కాగితం నింపాకే. 2010లో అచ్చయిన యుంగ్ అధ్యయనంలో 4,228 మందిని స్క్రీన్ చేస్తే 296 మందికి డిప్రెషన్ ఉండొచ్చని తేలింది. వాళ్లలో సైకియాట్రిస్ట్ పరీక్షకు వచ్చింది 122 మందే. అలా వచ్చినవాళ్లను, మీ జబ్బు దేనివల్ల వచ్చిందనుకుంటున్నారు, ఇంట్లోవాళ్లు ఏమంటున్నారు అని ముందు అడిగి, వాళ్ల మాటల్లోనే జబ్బును వివరించారు. డిప్రెషన్ ఉన్నవాళ్లలో మునుపు నూటికి 6.5 మంది చికిత్సకు వస్తుంటే ఈ పద్ధతిలో 43 మంది వచ్చారు. స్క్రీనింగ్‌కు నిధులిచ్చేవాళ్లు ఆ సంభాషణకు పట్టే సమయానికి కూడా జీతం కట్టాలన్నది అప్పటి నుంచీ నడుస్తున్న వాదన.