సింహావలోకన ఆల్బమ్ కూర్పు: యాంబియంట్ సంగీతం చుట్టూ అపోహలు - వాస్తవాలు

ఒక ఎలక్ట్రానిక్ సంగీతకారుడు ఇరవై ముప్పై ఏళ్లుగా చేసిన పనిలోంచి ఏరి ఒక ఆల్బమ్‌గా తేవడం చూసేవాళ్లకు సులువే అనిపిస్తుంది. ట్రాకులు ఎప్పుడో తయారయ్యాయి, వరసలో పెట్టి లెవెల్ సరిచేస్తే అయిపోతుంది అనుకుంటారు. తాళం, పాట కంటే వాతావరణానికే ప్రాధాన్యమిచ్చే నెమ్మదైన సంగీతమైన యాంబియంట్‌లో ఆ ధీమా చాలా చెరుపు చేస్తుంది. పాటలో స్పీడు కాస్త తగ్గినా, పై స్థాయి మెరుపు పోయినా చెవి ఇట్టే పట్టేస్తుంది, ఎందుకంటే మనిషి గొంతు ఎలా ఉండాలో అందరికీ తెలుసు. పది నిమిషాల సింథ్ ప్యాడ్ (సింథసైజర్ మీద నిలిచి సాగే స్వరాల పొర) అసలు ఎలా ఉండేదో మాత్రం చేసినవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ల తర్వాత వాళ్లకూ గుర్తుంటుందన్న నమ్మకం లేదు. అందుకే ఈ రంగంలో తప్పులు ఎవరికీ అనుమానం రాకుండా ఆల్బమ్‌లోకి ఎక్కి కూర్చుంటాయి. అలాంటి తప్పులకు దారితీసే నమ్మకాలు కొన్ని చూద్దాం.

అపోహ: పాత రీలు దొరికిందా, వెంటనే మెషిన్ మీద ఎక్కించి రికార్డు చేసేయాలి.

ముందు టేపు ఏ రకమో చూడాలి. రీలును వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. టేపు చుట్ట గుండా వెలుగు కనిపిస్తే అది ఎసిటేట్, కనిపించకపోతే పాలిస్టర్. 1970లు, 80లలో వెనకవైపు నల్లటి పూత వేసి అమ్మిన పాలిస్టర్ టేపుల్లో, ముఖ్యంగా ఆంపెక్స్ 406, 456 రకాల్లో, అయస్కాంత పొడిని పట్టి ఉంచే బైండర్ గాలిలో తేమ పీల్చి జిగురుగా మారుతుంది. అలాంటి టేపును నడిపితే కీచుమంటుంది, టేపును చదివే హెడ్ల మీద గోధుమరంగు జిగురు పేరుకుంటుంది, దాంతోపాటు సంగీతమూ ఊడి వస్తుంది. దానికి మందు వేడి. పావు అంగుళం టేపును దాదాపు 54 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది గంటలు, అవసరమైతే ఇంకాసేపు ఉంచి, అంతే సమయం చల్లారనివ్వాలి. వంటింటి ఓవెన్ పనికిరాదు, దాని ఉష్ణోగ్రత పదేసి డిగ్రీలు పైకీ కిందికీ ఊగుతుంది. ప్రయోగశాలల్లో వాడే ఇంక్యుబేటర్ గానీ, ఉష్ణోగ్రత నిలకడగా ఉండే డీహైడ్రేటర్ గానీ కావాలి. ఈ బాగు కొన్ని వారాలే నిలుస్తుంది, కాబట్టి ట్రాన్స్‌ఫర్ తేదీ ఖాయం చేసుకున్నాకే వేడి చేయండి. ఎసిటేట్ టేపును మాత్రం ఎప్పుడూ వేడి చేయకూడదు, పాడైపోతుంది.

ఎక్కించాక తొందరపడి మీట నొక్కొద్దు. టేపు మొదట్లో టెస్ట్ టోన్లు ఉంటే 10 కిలోహెర్ట్జ్ టోన్‌తో ఆజిమత్, అంటే టేపు మీద హెడ్ నిలిచే కోణం, సరిచేయాలి. టోన్లు లేకపోతే రెండు చానెళ్లనూ మోనోగా కలిపి, టేపు హిస్ (వెనక సన్నగా వినిపించే ‘స్స్’ చప్పుడు) అన్నిటికంటే మెరుపుగా వినిపించే చోట హెడ్‌ను నిలపాలి. హిస్ పనికొచ్చే మొదటి చోటు ఇదే. ఇంకో జాగ్రత్త ఈక్వలైజేషన్ గురించి, అంటే రికార్డు చేసేటప్పుడు పై, కింది స్థాయిలను మార్చి వినేటప్పుడు తిరిగి సరిచేసే పద్ధతి గురించి. సెకనుకు 15 అంగుళాల వేగంతో ఐఈసీ పద్ధతిలో రికార్డయిన టేపును ఎన్ఏబీ అనే వేరే పద్ధతిలో పెట్టిన మెషిన్ మీద వింటే పై స్థాయిలో 3 డెసిబెల్స్ దాకా పెరుగుతుంది, 50 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకే స్వరం చాలాసేపు నిలిచి సాగే డ్రోన్ సంగీతంలో ఆ కింది స్థాయే ప్రాణం. పెట్టె మీద ఏం రాసి ఉందో చదివి, ఏమీ లేకపోతే అదే స్టూడియోలో అదే కాలంలో చేసిన వేరే టేపులతో పోల్చి నిర్ణయించాలి. రికార్డు చేసేది 24 బిట్, 96 కిలోహెర్ట్జ్‌లో. ఈ దశలో ఈక్యూ (పై, కింది స్థాయిల సర్దుబాటు), కంప్రెషన్ (గట్టి, మెల్లని శబ్దాల తేడా తగ్గించడం) ఏమీ వద్దు.

అపోహ: డ్యాట్ డిజిటల్ కదా, కాపీ చేస్తే ఉన్నదున్నట్టు వచ్చేస్తుంది.

1980ల చివర నుంచి 90లు మొత్తం ఇంటి స్టూడియోల మాస్టర్లు ఎక్కువగా డ్యాట్ (డిజిటల్ ఆడియో టేపు) మీదే ఉన్నాయి. డ్యాట్ 48, 44.1, 32 కిలోహెర్ట్జ్‌లలో దేనిలోనైనా రికార్డయి ఉండొచ్చు. 48లో ఉన్నదాన్ని 44.1 అని ముద్రపడిన ఫైల్‌లోకి తీసుకుంటే పది నిమిషాల ట్రాకు పది నిమిషాల 53 సెకన్లవుతుంది, శ్రుతి దాదాపు ఒకటిన్నర సెమీటోన్లు దిగిపోతుంది. డ్రమ్స్ ఉంటే వెంటనే తెలిసిపోయేది. యాంబియంట్ ముక్క మాత్రం కాస్త బరువుగా, ఇంకా హాయిగా ఉందే అనిపిస్తుంది! ఆ తప్పుడు రూపమే విడుదలైపోయే ప్రమాదం నిజంగా ఉంది.

దీన్ని పట్టుకోవడానికి మంచి సాక్షి కరెంటు హమ్, అంటే కరెంటు సరఫరా వల్ల రికార్డింగ్‌లో చేరే సన్నని గుమ్మనే చప్పుడు. పాత గదుల్లో, పాత మిక్సర్లతో చేసిన రికార్డింగుల్లో అది ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. ట్రాకు మొదలుకు ముందున్న రెండు మూడు సెకన్ల నిశ్శబ్దాన్ని స్పెక్ట్రమ్ ఎనలైజర్‌లో, ఎఫ్ఎఫ్‌టీ సైజు (ఫ్రీక్వెన్సీలను ఎంత సూక్ష్మంగా విడదీయాలో చెప్పే అమరిక) 65536కు పెంచి చూడండి. రికార్డింగ్ జరిగిన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ అయితే గీత 50, 100, 150 దగ్గర నిలవాలి. 45.9 దగ్గర కనిపిస్తే పైన చెప్పిన తప్పే జరిగింది. 60 హెర్ట్జ్ దేశమైతే 55.1 దగ్గర కనిపిస్తుంది. అనలాగ్ టేపు వేగం అటూఇటూ అయినప్పుడు కూడా ఇదే కొలత పనికొస్తుంది, కాకపోతే ఆ హమ్ మొదటి రికార్డింగ్‌లోదేనా, తర్వాతి కాపీలో చేరిందా అన్నది తేల్చుకోవాలి.

డ్యాట్‌లో ఎంఫసిస్ గుర్తు, అంటే పై స్థాయిని పెంచి రికార్డు చేశారని తెలిపే గుర్తు, కూడా చూడాలి. ఆ గుర్తుతో రికార్డయినదాన్ని డిజిటల్‌గా తెచ్చుకుని డీ-ఎంఫసిస్ వేయకపోతే 10 కిలోహెర్ట్జ్ దగ్గర 7 డెసిబెల్స్‌కు పైగా ఎక్కువ ఉంటుంది. ఇక డెక్ చదవలేకపోయిన చోట పక్క శాంపిళ్లను బట్టి ఊహించి పూడ్చేస్తుంది. అందుకే ఒకే డ్యాట్‌ను రెండుసార్లు ట్రాన్స్‌ఫర్ చేసి, ఒకదాన్ని ఫేజ్ తిప్పి (తరంగాన్ని తలకిందులు చేసి) రెండోదానితో కలపాలి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే. ఎక్కడైనా చిటపటలు మిగిలితే ఆ చోట చదవడంలో తేడా వచ్చిందన్నమాట. హెడ్ శుభ్రం చేసి, లేదా వేరే డెక్ మీద, ఆ భాగం మళ్లీ తీయాలి. 16 బిట్, 44.1లో ఉన్న డ్యాట్‌ను 96కు మార్చి దాచుకుంటే నాణ్యతేమీ పెరగదు. ఉన్నదాన్ని ఉన్నట్టే దాచండి.

అపోహ: హిస్ తీసేస్తేనే అది రీమాస్టర్.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. అమెరికన్ సంగీతకారుడు విలియం బాసిన్‌స్కీ 2001లో తన పాత టేపు లూపులను డిజిటల్‌లోకి మారుస్తుంటే, లూపు హెడ్ మీదుగా వెళ్లిన ప్రతిసారీ అయస్కాంత పూత కొంచెం కొంచెం రాలిపోయింది. ఆ రాలిపోవడమే ‘ది డిసింటిగ్రేషన్ లూప్స్’ అయింది. అక్కడ నష్టాన్ని సరిచేస్తే మిగిలేది ఏమీ లేదు. ప్రతి ట్రాకూ అలాంటిదని కాదు. కానీ ఏది లోపం, ఏది సంగీతం అన్న ప్రశ్న ప్రతి ట్రాకుకూ విడివిడిగా వేసుకోవాలి. వీలైతే సంగీతకారుడినే అడగాలి.

నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్ పైకి కనిపించే శబ్దాన్ని ఉంచి, కింద పరుచుకున్నదాన్ని తగ్గిస్తుంది. రివర్బ్ (ప్రతిధ్వని) తోక, ఫేడ్ (శబ్దం మెల్లగా తగ్గిపోవడం) చివర, ఫిల్టర్ మెల్లగా మూసుకునేటప్పుడు వచ్చే ఊపిరి లాంటి చప్పుడు, ఇవన్నీ హిస్ పక్కనే, హిస్ లాగే పరుచుకుని ఉంటాయి. దాంతో అవీ పోతాయి. మిగిలిన చోట నీళ్లలో గులకరాళ్లు కదిలినట్టు చిన్న చిన్న స్వరాలు మెరుస్తాయి. పరీక్ష సులువే. చాలా సాఫ్ట్‌వేర్లలో తీసేస్తున్న భాగాన్ని మాత్రమే వినే మీట ఉంటుంది. అది నొక్కితే నిలకడైన హిస్ ఒక్కటే వినిపించాలి. ప్యాడ్ రూపురేఖలు లీలగా వినిపించినా ఎక్కువ తీస్తున్నట్టే. 3 లేదా 4 డెసిబెల్స్ తగ్గింపుతో ఆగిపోవడం మేలు, అదీ అవసరమైన చోటే.

హమ్ విషయంలోనూ ఇంతే. 50 హెర్ట్జ్ దగ్గర నాచ్ ఫిల్టర్ (ఒక్క ఫ్రీక్వెన్సీ చుట్టూనే కోసేది) వేసేముందు ట్రాకు శ్రుతి చూడండి. కింది జీ స్వరం 49 హెర్ట్జ్. డ్రోన్ ఆ స్వరం మీద నిలిచి ఉంటే ఫిల్టర్ హమ్‌తో పాటు డ్రోన్‌నీ మింగేస్తుంది. అలాంటప్పుడు మూల ఫ్రీక్వెన్సీని వదిలి, 150, 250 దగ్గర చెవికి తగిలే హార్మోనిక్స్‌ను మాత్రం సన్నగా తగ్గించాలి.

డిజిటల్ క్లిక్కులు, డ్రాపవుట్లు (శబ్దం క్షణంపాటు పోయే చోట్లు) వేరే సంగతి. అవి ఎవరూ కోరుకున్నవి కావు. ట్రాకంతటికీ ఒకే సెట్టింగ్ వేయకుండా ఒక్కొక్కటీ చూసి చేత్తో బాగుచేయండి. గ్లిచ్ శైలి ట్రాకుల్లో క్లిక్కే వాయిద్యం, అక్కడ దాన్ని ముట్టుకోవద్దు.

అపోహ: పాత మిడి ఫైళ్లు, సింథ్ ఉన్నాయి. మళ్లీ రెండర్ చేస్తే అదే ట్రాకు ఇంకా శుభ్రంగా వస్తుంది.

మిడిలో ఉండేది ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న సమాచారమే. శబ్దం అందులో లేదు. యమహా డీఎక్స్7 లాంటి సింథ్‌లో లోపలి బ్యాటరీ అయిపోతే దాచిన ప్యాచ్‌లన్నీ, అంటే శబ్దాల అమరికలన్నీ, పోతాయి. అనలాగ్ ఆసిలేటర్లు గది వేడిని బట్టి శ్రుతి జారుతాయి. స్వేచ్ఛగా తిరిగే ఎల్ఎఫ్ఓలు (శబ్దాన్ని మెల్లగా ఊపే ఆసిలేటర్లు) ఏ దశలో ఉండగా రికార్డు మీట నొక్కారో ఎక్కడా రాసి ఉండదు. మిక్సర్ మీద చేత్తో కదిపిన ఫేడర్లు, డిలే ఫీడ్‌బ్యాక్ కూడా అంతే. మళ్లీ చేస్తే వచ్చేది కొత్త రూపం. దాన్ని వేసుకోవచ్చు, కానీ కొత్తగా చేసినదని ముఖంమీదే రాయాలి, పాత సంవత్సరం వేయకూడదు.

అపోహ: స్ట్రీమింగ్ కోసం ప్రతి ట్రాకునూ -14 ఎల్‌యూఎఫ్ఎస్‌కు తేవాలి.

ఎల్‌యూఎఫ్ఎస్ అంటే శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో చెప్పే కొలత. స్పాటిఫై మామూలుగా -14 దగ్గర, ఆపిల్ మ్యూజిక్ -16 దగ్గర శబ్దాన్ని సమం చేస్తాయి. అది అవి వినిపించేటప్పుడు చేసే పని, మాస్టర్‌కు పెట్టిన నియమం కాదు. ఆల్బమ్‌ను ఆల్బమ్‌గా వింటే స్పాటిఫై ట్రాకుల మధ్య ఉన్న తేడాలను అలాగే ఉంచుతుంది. -24 దగ్గర ఉండాల్సిన సన్నని ముక్కను లిమిటర్‌తో 10 డెసిబెల్స్ పైకి తోస్తే హిస్ కూడా అంతే పైకొస్తుంది, దాని పక్కనున్న బీట్ ట్రాకు చిన్నబోతుంది. ఇంకో సంగతి, ఈ కొలత మరీ నెమ్మదైన భాగాలను లెక్కలోంచి వదిలేస్తుంది. అందుకే సగం నిశ్శబ్దంగా ఉండే ట్రాకుకు వచ్చే అంకె చెవికి అనిపించేదానితో కలవదు. ఆల్బమ్‌లో అన్నిటికంటే నిండుగా ఉన్న ట్రాకును ముందు ఖాయం చేసుకుని, మిగిలినవి దాని పక్కన పెట్టి చెవితో సర్దండి. ట్రూ పీక్ (శబ్ద తరంగం నిజంగా చేరే అత్యధిక స్థాయి) -1 దాటకుండా చూసుకుంటే చాలు.

అపోహ: 16 బిట్‌కు మార్చేటప్పుడు డిథర్ వేసినా వేయకపోయినా తెలియదు.

డిథర్ అంటే బిట్లు తగ్గించేటప్పుడు కావాలని కలిపే అతి సన్నని హిస్. గట్టి సంగీతంలో తెలియకపోవచ్చు. నిమిషం పాటు మెల్లగా కరిగిపోయే ఫేడ్ చివర మాత్రం గరగరమని, ముక్కలు ముక్కలుగా తెగిపోతుంది. డిథర్ వేయండి, ఒక్కసారే, అదీ అన్ని పనులూ అయ్యాక.

అపోహ: డిజిటల్ మాస్టర్‌నే ఎల్పీ కోతకు పంపేయొచ్చు.

33⅓ వేగంలో ఒక వైపు 18 నుంచి 22 నిమిషాలైతే లెవెల్ బాగా వస్తుంది. పెరిగేకొద్దీ గాడి సన్నబడి, లెవెల్ తగ్గి, ఉపరితలం చిటపటలు సంగీతాన్ని మించుతాయి. నెమ్మదైన సంగీతం గాడిలో తక్కువ చోటు పడుతుంది కాబట్టి పొడవు పెంచవచ్చు. బ్రయాన్ ఈనో 1975 నాటి ‘డిస్క్రీట్ మ్యూజిక్’ మొదటి వైపంతా ముప్పై నిమిషాలు దాటిన ఒకే ముక్క. కానీ కోరస్ ఎఫెక్ట్ వేసి వెడల్పు చేసిన కింది స్థాయి ప్యాడ్లు కుడి ఎడమలలో ఎదురు ఫేజ్‌లో ఉంటే సూది గాడిలోంచి పైకి లేస్తుంది. 100 నుంచి 150 హెర్ట్జ్ కిందిదంతా మోనో చేయాలి. బయటి గాడిలో సూది కింద సెకనుకు దాదాపు 50 సెంటీమీటర్లు జారితే, లోపలి చివర 20 పైచిలుకే. అందుకే మెరిసే గంటల శబ్దాలున్న ట్రాకును వైపు చివర పెట్టొద్దు.

అపోహ: సింహావలోకనం అంటే కాలక్రమంలోనే ఉండాలి.

పేరులో సంవత్సరాలు ఉన్నంత మాత్రాన వరస అలాగే ఉండనక్కరలేదు. ఆ మాటకొస్తే ఆఫెక్స్ ట్విన్ 1992లో విడుదల చేసిన ‘సెలెక్టెడ్ యాంబియంట్ వర్క్స్ 85–92’ పేరుకు పాత పనుల ఏరివేతలా ఉన్నా, అది ఆయన తొలి ఆల్బమ్. కాలక్రమం పెడితే మొదటి అరగంటంతా క్యాసెట్ హిస్, ఆ తర్వాతంతా కంప్యూటర్ శుభ్రత అయిపోతుంది. హిస్ ఉన్న ట్రాకు నుంచి లేని ట్రాకుకు మారేటప్పుడు మధ్యలో డిజిటల్ సున్నా (పూర్తి నిశ్శబ్దం) పెడితే తలుపు మూసినట్టు తెగుతుంది. ట్రాకు అయిపోయాక మిగిలిన ఖాళీ టేపు హిస్‌ను నాలుగైదు సెకన్లు ఉంచి, తర్వాతి ట్రాకు కింద కరిగించండి. సంవత్సరాలు, వాడిన పరికరాలు, మూలం రీలా డ్యాటా క్యాసెట్టా అన్నది బుక్‌లెట్‌లో ట్రాకు ట్రాకుకూ రాయండి. చరిత్ర కావలసినవాళ్లు అక్కడ చూసుకుంటారు.

ఇలా కలిపిన ట్రాకులను విడగొట్టేటప్పుడు కోత సీడీ ఫ్రేము హద్దు మీద, అంటే 44.1 కిలోహెర్ట్జ్‌లో ప్రతి 588 శాంపిళ్లకు ఒకసారి వచ్చే చోట పడాలి. లేకపోతే ఆఖరి ఫ్రేములో మిగిలిన చోటు సున్నాలతో నిండి, ట్రాకు మారేచోట టిక్కుమంటుంది. పంపేది వేవ్ గానీ ఫ్లాక్ గానీ కావాలి. ఎంపీ3 మొదట్లో, చివర్లో తనంతట తాను కొంత ఖాళీ చేరుస్తుంది. పంపేముందు కోసిన ఫైళ్లన్నీ మళ్లీ వరసగా అతికించి, కోయని మాస్టర్‌తో ఫేజ్ తిప్పి కలిపి చూడండి. మొదటి నుంచి చివరిదాకా నిశ్శబ్దం రావాలి.