155ని 2తో భాగిస్తే ఈ1లు రావు: పాత లైన్ల లెక్కల్లో అపోహలు - వాస్తవాలు

పాత టెలికాం లింకుల గురించి తిరుపతిలో ఎవరు ఫోన్ చేసినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. ఈ1 అంటే చిన్న లైన్, ఎస్‌టీఎం-1 అంటే అలాంటివాటిని కట్టగా మోసే పెద్ద లైన్. "సార్, ఎస్‌టీఎం-1 అంటే 155 ఎంబీపీఎస్, ఈ1 అంటే 2 ఎంబీపీఎస్, మరి 77 ఈ1లు రావాలి కదా?" రావు. 63 వస్తాయి. ఆ మాట వినగానే అవతలి వాళ్లకు వచ్చే మొదటి అనుమానం, మిగతావి ఎవరో నొక్కేశారని. ఎవరూ నొక్కేయలేదు, దయచేసి ఆ పుకారు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పకండి.

అపోహ: పెద్ద స్పీడును చిన్న స్పీడుతో భాగిస్తే ఎన్ని లైన్లు పడతాయో తెలిసిపోతుంది.

వాస్తవం: ఎస్‌టీఎం-1 ఫ్రేములో, అంటే ఒక్కో విడతలో వెళ్లే బిట్ల పట్టికలో, 9 అడ్డ వరుసలు, 270 నిలువు గడులు. అందులో 9 గడులు ఓవర్‌హెడ్‌కే, అంటే లైన్ నడిపే సొంత సమాచారానికే పోతాయి, మిగిలిన 261లో ఇంకొకటి పాత్ ఓవర్‌హెడ్‌కు. తిరుమల బస్సులో డ్రైవరు సీటును టికెట్ల లెక్కలో కలపం కదా, ఇదీ అంతే. పైగా 2.048 ఎంబీపీఎస్ ఈ1 లోపల కూర్చోవాలంటే ఎక్కడ మొదలవుతుందో చెప్పే పాయింటరుతో సహా టీయూ-12 అనే చిన్న పెట్టె కావాలి, దానికి పట్టే చోటు 4 గడులు, అంటే 2.304 ఎంబీపీఎస్. అలాంటివి మూడు కలిస్తే ఒక టీయూజీ-2, అవి ఏడు కలిస్తే ఒక టీయూజీ-3, అవి మూడు కలిస్తే వీసీ-4 అనే పెద్ద పెట్టె నిండుతుంది. 3×7×3, 63. మిగిలే కొద్దిపాటి గడులు ఖాళీ నింపే స్టఫింగే, అక్కడ ఇంకో ఈ1 దూర్చడానికి లేదు.

ఇంకో సంగతి చాలామందికి తెలీదు. అదే ఎస్‌టీఎం-1లో 34 ఎంబీ లైన్లు పెట్టుకుంటే మూడే పడతాయి, ఒక్కోదాంట్లో 16 ఈ1లు, మొత్తం 48. పాత 140 ఎంబీ మక్స్ (చిన్న లైన్లను ఒకటిగా కలిపే యంత్రం) పెట్టి పంపితే 64. కాబట్టి "ఎన్ని ఈ1లు?" అని అడిగే ముందు "ఏ మ్యాపింగ్?" అని, అంటే లోపల ఏ పద్ధతిలో సర్దుతున్నారని అడగాలి. 34.368ని 2.048తో భాగించినా పదహారున్నర దాటుతుంది, వచ్చేది మాత్రం 16. ఒక్కో ఈ1 గడియారం రవ్వంత అటూ ఇటూ నడుస్తుంది, ఆ తేడాను సర్దడానికి మక్స్ ప్రతి మెట్టు దగ్గరా కొన్ని బిట్లు అదనంగా కలుపుతుంది. నాలుగు ఈ1లు కలిపితే 8.192 కావాలి, లైన్ మీద ఉండేది 8.448.

ఇది పుస్తకం లెక్కే కదా అనుకోకండి, డబ్బులు పోయేది ఇక్కడే. చిత్తూరు వైపు ఒక సంస్థలో కొత్తగా చేరిన కుర్రాడు జాగ్రత్తగా 155.52ని 2.048తో భాగించి 75 అని ప్లాన్ రాశాడు. 21 పోర్టుల కార్డులు నాలుగు కొన్నారు. మూడు కార్డులతోనే లింకు నిండిపోయింది, నాలుగోది అట్టపెట్టెలోంచి బయటికే రాలేదు. అంతకంటే పెద్ద తలనొప్పి, 63 దాటి బ్రాంచీలకు మాటిచ్చిన లైన్లు. ఆ అబ్బాయి ఉద్యోగం పోతుందేమోనని టెన్షన్‌తో నా దగ్గరికొచ్చాడు. డెలివరీ చలానా వెనకాల ఈ గడులు గీసి చూపించాను, ఆ కాగితమే వాళ్ల మేనేజరుకు చూపించమన్నాను. భాగహారం చేసినందుకు ఎవరినీ తిట్టకూడదు, వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అంతే. తిట్టాల్సింది "155 అంటే 75 గ్యారంటీ" అని అమ్మేవాళ్లను.

లాడ్జీల వాళ్లకు ఇదే అపోహ చిన్న సైజులో. ఈ1 స్పీడు 2048 కేబీపీఎస్‌ని ఒక్కో కాల్ స్లాటుకు పట్టే 64తో భాగిస్తే 32 కాబట్టి పీఆర్‌ఐ (ఈ1 మీద నడిచే ఫోన్ కనెక్షన్) మీద 32 కాల్స్ నడవాలంటారు. నడిచేవి 30. సున్నా స్లాటు రెండు చివర్లనూ కలిపి నడిపే సింక్‌కు, 16వ స్లాటు కాల్స్ కలిపే సిగ్నలింగ్‌కు. అదే ఈ1ను డేటాకు వాడి 31 స్లాట్లూ తీసుకుంటే రౌటర్ తెర మీద 1984 అని కనిపిస్తుంది. ఆ 64 తగ్గిందని కంగారుపడి కంప్లయింట్ రాయకండి, లైన్ బాగానే ఉంది. పూర్తి 2048 కావాలంటే ఫ్రేమింగ్ (స్లాట్లుగా విడగొట్టడం) లేకుండా నడపాలి, అదీ రెండు చివర్లా.

అమెరికా నుంచి సెకండ్‌హ్యాండ్‌లో పీఆర్‌ఐ కార్డు తెప్పించుకునేవాళ్లూ ఉన్నారు. అక్కడ టీ1: 64 చొప్పున 24 స్లాట్లు, ఫ్రేమింగ్‌కు ఇంకో 8, మొత్తం 1544 కేబీపీఎస్. మన దగ్గర ఈ1. కార్డు మీద టీ1/ఈ1 జంపర్ (ఏది కావాలో మార్చే చిన్న క్లిప్పు) ఉంటే మార్చుకోవచ్చు, లేకపోతే పనికిరాదు. "కొంచెం స్లోగా అయినా పనిచేస్తుంది" అనేది శుద్ధ అబద్ధం. ఫ్రేమే కలవదు, లింకే లేవదు.

బిట్లు, బైట్ల గొడవ అందరికీ తెలిసిందే: 2.048 ఎంబీపీఎస్ లైన్‌లో సెకనుకు మహా అయితే 256 కిలోబైట్లు, 500 ఎంబీ స్కాన్ ఫైలుకు అరగంట పైనే పడుతుంది. టెలికాంలో కిలో అంటే 1000, 1024 కాదు. 2048 అనే అంకె 32×64 వల్ల వచ్చింది, కంప్యూటర్ మెమరీ లెక్కతో దానికి సంబంధం లేదు. బాడ్ (సెకనుకు సిగ్నల్ ఎన్నిసార్లు మారుతుందో), బీపీఎస్ (సెకనుకు ఎన్ని బిట్లో) ఒకటి కావు, వీ.22బిస్ మోడెం 600 బాడ్ మీదే 2400 బీపీఎస్ పంపేది.

ఎస్‌టీఎం-1 కొటేషన్ చేతిలో ఉంటే సంతకం పెట్టే ముందు అందులో మ్యాపింగ్ ఏమిటో, వాడుకోదగ్గ ఈ1లు ఎన్నో రాతపూర్వకంగా అడగండి. రాసివ్వకపోతే ఆర్డర్ ఇవ్వకండి.