మయామీ దారిలో ఎవర్‌గ్లేడ్స్: పిల్లలకు పెదనాన్న ఉత్తరం

చిరంజీవులు కీర్తన, వరుణ్‌లకు పెదనాన్న ఆశీస్సులు.

క్రిస్మస్ సెలవుల్లో టాంపా వచ్చి, ఇక్కణ్ణుంచి కార్లో మయామీ వెళ్దామనుకుంటున్నారని మీ నాన్న చెప్పాడు. దారిలో ఎవర్‌గ్లేడ్స్ అనే పెద్ద చిత్తడి నేల ఉంది, అది చూడ్డానికి అదే సరైన కాలం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇక్కడ వానలు తక్కువ, దోమలూ తక్కువ. నీళ్లు తగ్గి మడుగుల్లోకి చేరతాయి. చేపలన్నీ అక్కడే ఇరుక్కుంటాయి, వాటికోసం పక్షులు, ఆ రెండిటికోసం మొసలి లాంటి ఎలిగేటర్లు. జూలైలో వస్తే ఇవన్నీ ఎక్కడెక్కడో చెదిరిపోయి ఉంటాయి. దోమలు మాత్రం మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తాయి.

ఫోన్‌లో మ్యాప్ పెడితే ఐ-75 అనే పెద్ద హైవే చూపిస్తుంది. త్వరగా చేరిపోతారు గానీ, రెండు పక్కలా కంచె తప్ప పెద్దగా చూసేదేమీ ఉండదు. నేపుల్స్‌లో 41వ నంబరు రోడ్డు పట్టుకోమని నాన్నకి చెప్పండి. దాన్నే టామియామీ ట్రెయిల్ అంటారు, 1928లో పూర్తయింది. పక్కనే కాలువ తవ్వి, అందులోంచి వచ్చిన రాయీ మట్టీ పోసి రోడ్డు వేశారు. అందుకే దారి పొడవునా కాలువ మీ వెంటే వస్తుంది.

ఆ రోడ్డు ఒక పెద్ద చిక్కు తెచ్చింది. ఉత్తరాన ఒకీచోబీ సరస్సు వైపు నుంచి దక్షిణాన ఫ్లోరిడా బే దాకా నీళ్లు పారేవి. గట్ల మధ్య పారే నది కాదది. పదుల మైళ్ల వెడల్పున, లోతు లేకుండా, గడ్డిలోంచి నెమ్మదిగా సాగే నీటి పొర. వాలు మైలుకి రెండు అంగుళాలు మాత్రమే. అలాంటి నీటికి అడ్డంగా రోడ్డు వేస్తే అది చెరువు కట్టలాగే పనిచేస్తుంది కదా. కట్టకి కింది వైపు నీళ్లు తగ్గిపోయాయి. తప్పు సరిదిద్దడానికి 2013లో ఒక మైలు వంతెన తెరిచారు, 2019 నాటికి ఇంకో రెండు మైళ్లకు పైగా కట్టారు. ఎవర్‌గ్లేడ్స్ నేషనల్ పార్కులోని షార్క్ వ్యాలీ దాటి మయామీ దగ్గరపడేటప్పుడు కారు కాస్త పైకి లేచినట్టుంటే, కింద నీళ్లు వెళ్తున్నాయన్నమాట.

మొదట ఓచోపీలో ఆగండి. అమెరికాలోకెల్లా చిన్న పోస్టాఫీసు అక్కడే ఉంది. ఒకప్పుడు టమాటా తోటకి నీళ్ల గొట్టాలు దాచుకునే షెడ్డు అది. నాయనమ్మకి ఒక కార్డు అక్కణ్ణుంచే పోస్ట్ చేయండి. సెలవు రోజైతే మూసి ఉంటుంది, చూసుకోండి. అక్కడి నుంచి బిగ్ సైప్రస్ అడవి, ప్రవేశానికి డబ్బులేమీ లేవు. ఓయాసిస్ కేంద్రం ముందు చెక్క వంతెన మీద నిలబడి కిందకి చూస్తే కాలువలో ఎలిగేటర్లు కనిపిస్తాయి. మధ్యలో ఎయిర్‌బోట్ల బోర్డులు చాలా వస్తాయి, వెనక పెద్ద ఫ్యానుతో నడిచే పడవలవి. సరదా పడితే ఎక్కండి గానీ, ఆ మోతకి పక్షులు ఎగిరిపోతాయని నాకు అవి పడవు.

షార్క్ వ్యాలీకి మాత్రం పొద్దున్నే వెళ్లాలి. సెలవుల్లో పార్కింగ్ తొందరగా నిండిపోతుంది. 15 మైళ్ల చుట్టుదారి, ట్రామ్ ఉంది, సైకిళ్లు అద్దెకిస్తారు. నీడ ఉండదు, నీళ్లు ఎక్కువ పట్టుకెళ్లండి. సగం దారిలో టవర్ ఎక్కితే అంతా సాగ్రాస్. పేరుకి గడ్డే గానీ అది మన తుంగ జాతి. ఆకు అంచుకి రంపం పళ్లుంటాయి, లాగితే చెయ్యి తెగుతుంది. దారి పక్కన ఎలిగేటర్ కదలకుండా పడుకుని ఉంటే బొమ్మ అనుకోకండి. కనీసం 15 అడుగుల దూరం ఉండండి, వరుణ్‌కి రెండుసార్లు చెప్తున్నా. తిండి వేయడం నేరం. మనిషి కనబడితే తిండి అని అలవాటుపడ్డ ఎలిగేటర్ని చివరికి చంపేయాల్సి వస్తుంది.

మర్నాడు హోమ్‌స్టెడ్ ఊరి వైపున్న పార్కు గేటు. పార్కు పాస్ ఏడు రోజులు పనిచేస్తుంది, షార్క్ వ్యాలీలో కొన్నదే ఇక్కడా చూపించొచ్చు. రాయల్ పామ్ దగ్గర కారు ఆపగానే టార్పాలిన్ కప్పండి, వాళ్లే ఇస్తారు. అక్కడి రాబందులకి వైపర్ల రబ్బరు పీక్కుతినే అలవాటుంది! పక్కనే అన్‌హింగా ట్రెయిల్, చిన్న నడక. అన్‌హింగా అంటే పొడుగు మెడతో నీళ్లలో మునిగి చేపని పొడిచే పక్షి, రెక్కలు చాపి ఆరబెట్టుకుంటూ కనిపిస్తుంది.

అక్కణ్ణుంచి ఫ్లెమింగో వెళ్లే దారిలో 'రాక్ రీఫ్ పాస్, ఎత్తు 3 అడుగులు' అని బోర్డు వస్తుంది. కనుమ దారికి మూడడుగుల ఎత్తేమిటని నవ్వుకుంటారు. కానీ ఇక్కడ అర అడుగు తేడా వస్తే చెట్లే మారిపోతాయి. పల్లంలో తుంగ, కాస్త మెరకలో పైన్ చెట్లు, మధ్యమధ్య దీవుల్లా దట్టమైన చెట్ల గుంపులు, వాటినే హ్యామక్ అంటారు. మహాగనీ హ్యామక్ దగ్గర దిగి లోపలికి నడవండి. ఏ చెట్టునీ ముట్టుకోకండి. పాయిజన్‌వుడ్ అనేది మన నల్లజీడి కుటుంబమే, దాని పాలు తగిలితే ఒళ్లు పొక్కుతుంది.

ఫ్లెమింగో రేవు దగ్గర మొసళ్లుంటాయి. ప్రపంచంలో ఎలిగేటరూ మొసలీ కలిసి బతికే చోటు ఈ దక్షిణ ఫ్లోరిడాయే. సన్న ముక్కు, బూడిద రంగుంటే మొసలి. వెడల్పు ముక్కు, నలుపుంటే ఎలిగేటర్. చలికాలంలో తెల్ల గూడబాతులు కూడా గుంపులుగా దిగుతాయి. కొల్లేరులో ఆటపాక దగ్గర మీరు చూసిన వాటికన్నా పెద్దవి.

గేటు నుంచి ఫ్లెమింగోకి 38 మైళ్లు, కాబట్టి కారుకి గ్యాస్ (పెట్రోలు) ఊళ్లోనే నింపించుకోండి. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. దారిలో మనకి నచ్చే తిండి దొరకదు, మీ పెద్దమ్మ పులిహోర కట్టిస్తానంటోంది. డిసెంబరులో అయిదున్నరకే పొద్దుగుంకుతుంది. చీకటి పడితే 41వ నంబరు రోడ్డు మీద పాంథర్లు, అంటే పులి జాతి పెద్ద పిల్లులు, అటూ ఇటూ దాటుతుంటాయి, నాన్నని వేగం తగ్గించమనండి.

ఏ తేదీకి వస్తున్నారో ఈ వారంలో చెప్తే ట్రామ్ టికెట్లు నేను బుక్ చేస్తాను.

మీ పెదనాన్న