కొబ్బరినూనె గడ్డకట్టిన రాత్రి మొక్కకు ఏమవుతుంది?

బెంగళూరులో డిసెంబరు పొద్దున కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టనిదే నూనె కారదు. పక్కనే ఉన్న పల్లీనూనె మాత్రం మామూలుగానే ఉంటుంది. మా మిద్దెతోటలో అలోకేసియా, కలాథియా, ఆంథూరియం చలికి ఎందుకు వాడిపోతాయో తెలుసుకోవాలంటే ఈ రెండు సీసాలను చూస్తే చాలు.

మొక్క కణం చుట్టూ ఉండే పలుచని పొరలో కొవ్వులు ముఖ్యమైన భాగం. అందులో సంతృప్త కొవ్వులు ఎక్కువుంటే కొబ్బరినూనెలా త్వరగా గట్టిపడుతుంది. అసంతృప్త కొవ్వులు ఎక్కువుంటే పల్లీనూనెలా చలిలోనూ మెత్తగా ఉంటుంది. వెచ్చని అడవుల నుంచి వచ్చిన మొక్కలకు చలిని తట్టుకునే పొర అవసరమే పడలేదు. అందుకే అవి దెబ్బతినడానికి మంచు కురవక్కర్లేదు, చాలావాటికి 10–12 డిగ్రీల చలే చాలు. పొర బిగుసుకుని లోపలి లవణాలు బయటికి కారతాయి, ఆకు మీద తడి మచ్చలు తేలి నల్లబడతాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తొక్క నల్లబడేదీ ఇలాంటి చలి దెబ్బకే. 1992లో జపాన్ శాస్త్రవేత్త నొరియో మురాటా బృందం పొగాకు మొక్కలో ఈ కొవ్వుల పాళ్లను జన్యువుల ద్వారా మార్చి చూసింది. కొవ్వు మారితే చలిని తట్టుకునే శక్తీ మారింది. నాకు ఎంతో ఇష్టమైన ప్రయోగం ఇది.

చెన్నైలో మా అక్క ఇంట్లో ఇవే మొక్కలు ఏడాదంతా ఆరుబయటే ఉంటాయి. రెండు ఊళ్లూ దాదాపు 13 డిగ్రీల అక్షాంశం మీదే ఉన్నాయి. కానీ అక్కడ పగటి వేడిని దాచుకుని రాత్రి వదిలే సముద్రం ఉంది. బెంగళూరు సముద్రానికి దూరంగా, 900 మీటర్ల ఎత్తున ఉంది. 1884 జనవరి 13న ఇక్కడ 7.8 డిగ్రీలు నమోదైంది. పైగా మబ్బు లేని రాత్రి ఆకు తన వేడిని నేరుగా ఆకాశంలోకి వదిలేస్తుంది. గాలి 13 డిగ్రీలుంటే మిద్దె మీది ఆకు అంతకంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండొచ్చు. మాఘమాసంలో మాకులు వణుకుతాయని ఊరికే అనలేదు పెద్దలు.

నేను చేసిన తప్పు ఒకటుంది. ఆకులు వాలాయని టెన్షన్ పడి అలోకేసియాకు రెండు పూటలా నీళ్లు పోశాను. పది రోజుల్లో దుంప కుళ్లింది. మట్టిలో తడి లేక కాదు, చల్లబడిన వేళ్లు ఆ తడిని పీల్చలేక ఆకు వాలింది. పొద్దున్నే ఎండ తగిలి ఆకు నీటిని వదిలేస్తుంటే, అడుగున వేరు ఇంకా చలిలోనే ఉంటుంది. నేను పోసిన నీళ్లు వేళ్లకు గాలి అందకుండా చేశాయి, అంతే.

ఇప్పుడు నవంబరు చివర్లోనే కుండీలను సన్‌షేడ్ కిందికి, పగలంతా ఎండ తగిలిన గోడ పక్కకు జరుపుతాను. పైన కప్పు ఉంటే చాలు, ఆకు వేడి ఆకాశానికి అంతగా పోదు. చలి మెల్లగా పెరిగితే కొన్ని మొక్కలు తమ కొవ్వులను కొంత మార్చుకుంటాయి కూడా. అందుకే వెచ్చని పాలీహౌస్‌లో పెరిగిన మొక్కను డిసెంబరులో కొని నేరుగా మిద్దె మీద పెట్టను. ఎరువు ఆపేస్తాను. నీళ్లు పొద్దెక్కాకే, అదీ వేలు గుచ్చి చూసి మట్టి ఆరిందనిపిస్తేనే. అడీనియం ఆకులు రాల్చేస్తే దానికి నీళ్లు దాదాపు మానేస్తాను. ఉగాది దగ్గరపడి కొమ్మ చివర చిగురు కనిపించాక మళ్లీ చెంబు పట్టుకుంటాను.