కుదిపితేనే పాట నిలుస్తుంది

"అటక మీద మా తాతగారి స్పూల్ టేప్ రికార్డర్ దొరికింది. పక్కనే అట్టపెట్టెల్లో కొన్ని రీళ్లు ఉన్నాయి. ప్లగ్గు పెట్టి చూడొచ్చా? ఆ పాత టేపుల మీద మళ్లీ రికార్డు చేసుకోవచ్చా?" అని ఒక పాఠకుడు అడిగారు. మొదటిదానికి జవాబు: ఇప్పుడే పెట్టకండి. రెండోదానికి: చేసుకోవచ్చు, కానీ ముందు అందులో ఏముందో వినండి. ఈ రెండు ముక్కలు చెప్పి ఊరుకోవచ్చు. కానీ రెండో ప్రశ్న వెనక నాకు భలే ఇష్టమైన భౌతికశాస్త్రం ఉంది. దాని సంగతి చెప్పకుండా ప్లగ్గు దగ్గరికి రాలేను.

టేపు ఎలా తిరుగుతుంది, హెడ్డు (టేపు మీద రాసే, చదివే చిన్న విద్యుదయస్కాంతం) ఎక్కడుంటుంది అన్న పాఠం వదిలేస్తున్నాను. క్యాసెట్ చూసినవాళ్లకి అది తెలుసు. స్పూల్ టేపు వెడల్పు పావు అంగుళం, క్యాసెట్ టేపుది 3.81 మిల్లీమీటర్లు. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో నడుస్తుంది. స్పూల్ ఇళ్లలో 9.5 లేదా 19, స్టూడియోల్లో 38 సెంటీమీటర్లు నడుస్తుంది. ప్లాస్టిక్ పట్టీ మీద జిగురు, ఆ జిగురులో గామా ఫెర్రిక్ ఆక్సైడ్ అనే సన్నటి సూదిరేణువులు. అది తుప్పుకు దాయాది. ఒక్కో రేణువూ ఒక బుల్లి అయస్కాంతం.

చిక్కంతా ఈ రేణువుల మొండితనంతోనే. ఇంటర్ ఫిజిక్స్‌లో హిస్టరిసిస్ లూప్ గీయనివాళ్లు ఉండరు. వంపు తిరిగిన బొమ్మ, దాని మీద రిటెంటివిటీ (క్షేత్రం తీసేశాక మిగిలే అయస్కాంతత్వం), కోయెర్సివిటీ (దాన్ని పోగొట్టడానికి కావలసిన ఎదురు క్షేత్రం, అంటే మొండితనం) అని రెండు గుర్తులు, చేతికి నాలుగు మార్కులు. అదెందుకు పనికొస్తుందో ఎవరూ చెప్పరు. ట్రాన్స్‌ఫార్మర్ వేడెక్కడానికి అదో కారణం అని ఒక్క వాక్యం చెప్పి తర్వాతి పాఠంలోకి పరిగెత్తుతారు. ఘంటసాల గొంతు టేపు మీద నిలిచింది కూడా ఆ బొమ్మ పుణ్యమేనని చెబితే వెనక బెంచీలు కూడా లేచి కూర్చుంటాయి.

చేటలో గుప్పెడు బియ్యం పోసి కొంచెం వాల్చండి. గింజ కదలదు. ఇంకొంచెం వాల్చినా కదలదు. ఇంకా వాలిస్తే ఉన్నట్టుండి కుప్ప మొత్తం జారిపోతుంది. రేణువులూ అంతే. ఇక్కడ వాలు అంటే పాట తాలూకు కరెంటు హెడ్డులో పుట్టించే అయస్కాంత క్షేత్రం. గింజల మధ్య రాపిడి అంటే రేణువుల మొండితనం. మెల్లగా పాడితే టేపు మీద ఏమీ పడదు. గొంతు పెంచితే ఒక్కసారిగా పడుతుంది. మధ్యలోని సంగతులు, గమకాలు అన్నీ గల్లంతవుతాయి. వినేవాడికి మిగిలేది గరగరే.

ఇప్పుడు చేట అంచును వేళ్లతో సన్నగా తడుతూ వాల్చండి. బియ్యం చెరిగేటప్పుడు అలవాటుగా ఇచ్చే కుదుపే. కొంచెం వాలిస్తే గింజలు కొంచెం జరుగుతాయి, రెండింతలు వాలిస్తే రెండింతలు జరుగుతాయి. కుదుపు వాటిని ఏ పక్కకీ తోయదు, ఒకదాన్నొకటి పట్టుకున్న పట్టు విడిపిస్తుంది, అంతే. ఎటు వెళ్లాలో వాలు చెబుతుంది. ఈ కుదుపు పేరే ఏసీ బయాస్. సెకనుకు సుమారు 50,000 నుంచి 1,50,000 సార్లు దిశ మార్చుకునే కరెంటును పాటతో కలిపి రికార్డింగ్ హెడ్డుకు పంపుతారు. మన చెవి 20,000 దాటితే వినలేదు కాబట్టి దాని గొడవ మనకుండదు.

అసలు అందమంతా కుదుపు ఆగే తీరులో ఉంది. టేపు హెడ్డులోని సన్నటి చీలికను దాటి దూరమయ్యేకొద్దీ కుదుపు దానంతటదే సన్నగిల్లుతుంది. లెక్క చూడండి: 19 సెంటీమీటర్ల వేగంలో, సెకనుకు లక్ష కుదుపులుంటే, ఒక్కో కుదుపుకు టేపు జరిగేది 1.9 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). క్షేత్రం పరుచుకునే మేర అంతకన్నా ఎక్కువ. కాబట్టి ప్రతి రేణువూ బయటపడేలోగా చాలా కుదుపులు తింటుంది, ఒక్కోటీ ముందుదానికన్నా చిన్నది. పట్టు మళ్లీ బిగుసుకునే క్షణంలో వాలు ఎంతుంటే అంతకు తగ్గట్టు ఆగిపోతుంది. అలా ఆగిన గింజల వరసే పాట.

ఇది తేలడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. డెన్మార్క్ ఇంజినీరు వాల్డెమార్ పౌల్సెన్ 1898లోనే ఉక్కు తీగ మీద గొంతు నిలిపాడు. 1928లో ఫ్రిట్జ్ ఫ్లోయిమర్ కాగితప్పట్టీ మీద ఇనుప పొడి పూశాడు. 1935 బెర్లిన్ రేడియో ప్రదర్శనలో ఏఈజీ అనే జర్మన్ కంపెనీ వాళ్లు మాగ్నెటోఫోన్ అనే టేప్ రికార్డర్ పెట్టారు. అప్పటికి వాళ్లు వాడింది డీసీ బయాస్, అంటే దిశ మారని కరెంటు. చేట లెక్కలో, చేటను ముందే, గింజలు జారడానికి సిద్ధంగా ఉండేటంత వాల్చి ఉంచడం. పని నడిచింది గానీ బుసబుస విపరీతం. 1940లో జర్మన్ రేడియో సంస్థలో ఇంజినీరు వాల్టర్ వేబర్ పనిచేస్తుండగా ఆంప్లిఫయర్ ఒకటి అదుపు తప్పి దానంతటదే ఊగిసలాడింది. అలా తీసిన రికార్డింగులో బుస మాయం! 40 డెసిబెల్స్ దగ్గరున్న డైనమిక్ రేంజ్, అంటే బుసకూ అతి బిగ్గర శబ్దానికీ మధ్య తేడా, 60కి చేరింది. అమెరికాలో కార్ల్‌సన్, కార్పెంటర్ 1927లోనే దీనికి పేటెంట్ పుచ్చుకున్నారు. జపాన్‌లో కెంజో నాగాయ్ కూడా విడిగా కనిపెట్టాడు. కానీ చెవికి రుచి చూపించింది వేబరే.

యుద్ధకాలంలో ఇంగ్లాండులో ఉన్న అమెరికా సైనిక ఇంజినీరు జాక్ మలిన్ అర్ధరాత్రి జర్మన్ రేడియోలో ఆర్కెస్ట్రాలు వినేవాడు. గ్రామఫోను గీతల చప్పుడు లేదు, అలాగని అంత రాత్రి కూర్చుని వాయించేవాళ్లెవరు? 1945లో బాద్ నౌహైమ్‌లోని రేడియో స్టేషనులో గుట్టు బయటపడింది. రెండు మాగ్నెటోఫోన్లు, 50 రీళ్లు ఇంటికి పంపుకున్నాడు. 1948లో అమెరికా కంపెనీ ఆంపెక్స్ టేప్ రికార్డర్ మోడల్ 200 వచ్చింది. ఆ తర్వాత రేడియో స్టేషన్లలో స్పూల్ టేపుదే రాజ్యం. మన ఆకాశవాణి కూడా దశాబ్దాల పాటు వాటి మీదే నడిచింది.

ఇక సెకండ్ హ్యాండ్ టేపుల సంగతి. చేట లెక్క అర్థమైతే సగం బేరం మీ చేతిలో ఉన్నట్టే. కుదుపు చాలకపోతే గింజలు బిగుసుకునే ఉంటాయి, శబ్దం చీలుతుంది. కుదుపు మితిమీరితే చీలిక దాటాక కూడా గింజలు కదులుతూనే ఉంటాయి, సన్నటి గీతలు చెదిరిపోతాయి, అంటే తారస్థాయి శబ్దాలు మందగిస్తాయి. ఒక్కో రకం టేపు రేణువుల మొండితనం ఒక్కోలా ఉంటుంది కాబట్టి కుదుపూ ఒక్కోలా కావాలి. అందుకే పది కంపెనీల పది రీళ్ల కన్నా ఒకే రకం టేపు నాలుగు రీళ్లు దొరికితే ఎగిరి గంతెయ్యండి. మెకానిక్ చేత మెషీన్ బయాస్‌ను ఆ టేపుకు సరిచేయించి, ఇక దాన్నే వాడండి.

చెరపడమూ ఈ కుదుపే. ఇరేజ్ హెడ్డు చేటను సమంగా పట్టుకుని గట్టిగా కుదుపుతుంది. వాలు సున్నా కాబట్టి గింజలు ఎటూ మొగ్గకుండా సర్దుకుంటాయి, పాత పాట పోతుంది. హెడ్డుకే అయస్కాంతం పట్టి బుసకొడుతుంటే డీమాగ్నటైజర్ వాడతారు. అదీ ఇంతే. మెషీన్ ఆపేసి, టేపులు దూరంగా పెట్టి, దాన్ని హెడ్డు దగ్గరికి తెచ్చి మెల్లగా చేతిదూరం దాకా వెనక్కి లాగాలి. స్విచ్ ఆఫ్ చేసేది అప్పుడే. హెడ్డు దగ్గరే కరెంటు తీసేస్తే కుదుపు సగంలో తెగిపోయి, గింజలు ఆ క్షణం ఎలా ఉంటే అలాగే బిగుసుకుంటాయి. రోగం తగ్గకపోగా ముదురుతుంది.

పాత టేపుల్లో అయస్కాంతం "ఆవిరైపోతుందని" చాలామంది భయం. ఉత్తరం వైపు తల పెట్టి పడుకోకూడదన్నట్టు రీళ్లకీ దిక్కులు చూడాలా అని అడిగినవాళ్లున్నారు. మన దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం అర ఓర్‌స్టెడ్ (క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం) కూడా ఉండదు. మామూలు టేపు రేణువును తిప్పడానికి సుమారు 300 కావాలి. వాస్తు మానేసి జిగురు చూసుకోండి. ముసలిదయ్యేది అయస్కాంతం కాదు, జిగురు.

1970ల మధ్య నుంచి 1990ల మొదటి దాకా వచ్చిన కొన్ని టేపుల్లో పాలీయురెథేన్ జిగురు గాలిలో తేమ పీల్చి విచ్ఛిన్నమవుతుంది. ఆంపెక్స్ 406, 456, స్కాచ్ 226, 227 ఇందులో పేరుమోసినవి. ప్లే చేస్తే టేపు హెడ్డుకు అంటుకుని కీచుమంటుంది, గోధుమరంగు బంక వదులుతుంది. వెంటనే ఆపేయాలి. ఇలాంటివాటిని సుమారు 54 డిగ్రీల దగ్గర ఎనిమిది గంటలో అంతకన్నా ఎక్కువో నిలకడగా వేడి చేస్తే తేమ వదిలి కొన్ని వారాలు బాగా ఆడతాయి. ఆలోగా కంప్యూటర్లోకి ఎక్కించుకోవాలి. పళ్లు ఎండబెట్టే డీహైడ్రేటర్ ఈ పనికి బాగుంటుంది. మైక్రోవేవ్ జోలికి వెళ్లొద్దు. రోహిణి కార్తె ఎండ ఉంది కదా అని డాబా మీద వడియాల పక్కన ఆరబెట్టనూ వద్దు, ఆ వేడికి నిలకడ ఉండదు. అంతకన్నా పాతవి ఎసిటేట్ టేపులు. రీలును దీపానికి అడ్డం పెట్టి పక్క నుంచి చూస్తే చుట్టల్లోంచి వెలుతురు కనిపిస్తుంది. వాటిని అస్సలు వేడి చేయకూడదు. వెనిగర్ వాసన వస్తే ఎసిటేట్ చెడిపోతోందన్నమాట. మనలాంటి తేమ ఊళ్లలో ఇంకో బెడద బూజు. చుట్టల అంచున తెల్లటి నూలుపోగులు కనిపిస్తే అది మెషీన్ ఎక్కకూడదు, మిగతా టేపులన్నిటికీ అంటుతుంది. మాక్సెల్, టీడీకే రీళ్లు సాధారణంగా నమ్మదగినవి. హైదరాబాద్ జుమేరాత్ బజార్లోనో ముంబై మటన్ స్ట్రీట్‌లోనో రీలు కనిపిస్తే పెట్టె మీది పేరు నమ్మకండి, చాలాసార్లు లోపలిది వేరే ఉంటుంది. టేపు వీపు చూడండి. నల్లగా, మెరుపు లేకుండా ఉంటే అనుమానించండి. కొత్త టేపే కావాలంటే ఫ్రాన్స్‌లోని అవ్‌రాంష్‌లో ఇప్పటికీ తయారవుతోంది, ధర మాత్రం కళ్లు తిరిగేలా ఉంటుంది.

ఇక ప్లగ్గు. దశాబ్దాలు పడుకున్న మెషీన్లో ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ల లోపలి ఆక్సైడ్ పొర పలచబడి ఉంటుంది. ఒక్కసారిగా 230 వోల్టులు తగిలితే షార్ట్ కావచ్చు. ఎలక్ట్రీషియన్ దగ్గర ఉండే సిరీస్ ల్యాంప్ (కరెంటు దారిలో అడ్డంగా ఉండే బల్బు) ద్వారా మొదటి కరెంటు ఇప్పించండి. పాత ఫిలమెంటు బల్బే ఉండాలి, ఎల్‌ఈడీ పనికిరాదు. బల్బు ఒక్కసారి మెరిసి మందగిస్తే మంచిదే, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉంది. అంతకన్నా ముందు మూత తీసి బెల్టు చూడండి. కొన్ని బెల్టులు కరిగి నల్లటి జిగురుగా పుల్లీకి అంటుకుపోయి ఉంటాయి. టేపును అదిమి నడిపించే పించ్ రోలర్ రబ్బరు గట్టిపడి మెరుస్తుంటే టేపు జారుతుంది, పాట ఊగుతుంది. మార్చక తప్పదు.

ఆ తర్వాత హెడ్డు. టార్చి వేసి దగ్గరగా చూస్తే నున్నటి లోహం మీద నిలువుగా వెంట్రుక కన్నా సన్నటి గీత ఉంటుంది, అదే చీలిక. దాని మీద గోధుమరంగు పొడి పేరుకుంటే ఏమవుతుందో లెక్కలోనే ఉంది: హెడ్డుకు, టేపుకు మధ్య దూరాన్ని శబ్దపు తరంగదైర్ఘ్యంతో భాగించి 55తో గుణిస్తే నష్టం డెసిబెల్స్‌లో వస్తుంది. 19 సెంటీమీటర్ల వేగంలో 10,000 హెర్ట్జ్ శబ్దం టేపు మీద 19 మైక్రాన్ల పొడవుంటుంది. అయిదు మైక్రాన్ల మురికికి 14 డెసిబెల్స్ పైనే పోతాయి, అంటే అయిదో వంతు మిగులుతుంది. 9.5 వేగంలోనైతే 29 డెసిబెల్స్, దాదాపు ఇరవై ఎనిమిదో వంతు! అదే 1,000 హెర్ట్జ్ దగ్గర, 19 వేగంలో, నష్టం ఒకటిన్నర డెసిబెలే. అందుకే మురికి హెడ్డు మీద మాట అర్థమవుతుంది గానీ స, శ, ష మొద్దుబారతాయి, తాళం చప్పుడు చచ్చిపోతుంది. మెషీన్ పాడైందని అమ్మేసినవాళ్లలో సగానికి సగం మందికి కావలసింది ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూది పుల్లే అని నా అనుమానం.

మెషీన్ అమెరికా నుంచి వచ్చిందైతే ఇంకో తిరకాసు. అక్కడి కరెంటు 120 వోల్టులు, సెకనుకు 60 సైకిళ్లు. వోల్టేజికి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టినా సైకిళ్లు మారవు. కరెంటు సైకిళ్లను బట్టి తిరిగే మోటార్ మన 50 సైకిళ్ల మీద ఆరింట అయిదు వంతుల వేగంతోనే తిరుగుతుంది. సంగీతం తెలిసినవాళ్లకు ఇది ఇట్టే తెలిసిపోతుంది: షడ్జమం దిగి కింది చతుశ్రుతి ధైవతం దగ్గర కూర్చుంటుంది, అయిదు శృతిలో పాడినామె మూడు శృతిలో వినిపిస్తుంది. పుల్లీ మారిస్తే సరిపోయే మెషీన్లు కొన్ని. రీవాక్స్ ఏ77, బీ77 లాంటివి మోటార్ వేగాన్ని సొంత సర్క్యూట్‌తో సరిచూసుకుంటాయి, వాటికి ఈ బాధ లేదు.

చెరిపే ముందు వినమని మొదట్లో ఎందుకన్నానంటే, 60లు, 70లలో ఇళ్లలో జరిగిన కచేరీలు, ఊళ్లో చెప్పిన హరికథలు ఎవరో ఒకరు ఇలాంటి మెషీన్ల మీదే పట్టుకున్నారు. వాటికి రెండో కాపీ ఉండదు. వింటున్నప్పుడు పాట వెనక ఇంకో గొంతు తిరగేసి పాడుతున్నట్టు వినిపిస్తే కంగారు పడకండి. టేపు మీద నాలుగు ట్రాకులుండి, రెండు ఒక వైపుకు, రెండు తిరగేసి రెండో వైపుకు రాసి ఉన్నాయన్నమాట. మీ మెషీన్ హెడ్డు హాఫ్ ట్రాక్‌ది (టేపు వెడల్పులో సగం మేర చదివేది) కావడం వల్ల రెండు వైపులూ కలిపి చదివేస్తోంది. క్వార్టర్ ట్రాక్ మెషీన్ ఉన్నవాళ్లెవరినైనా వెతికి పట్టుకుని, దాని మీద వినండి.