ప్రైమరీ ఇంగ్లిష్ డెమో క్లాసు: అపోహలు - వాస్తవాలు

చాలా ఏళ్లుగా చిన్న క్లాసులకు ఇంగ్లిష్ చెబుతున్నాను. ఈమధ్య టీచర్ ఉద్యోగాలకు వచ్చేవాళ్ల డెమోలు చూసే పని కూడా నా మీద పడింది. వెనక కుర్చీలో కూర్చున్నాక తెలిసింది, అక్కడ మేం టీచర్ని చూసేది తక్కువ, పిల్లల నోళ్లు చూసేది ఎక్కువ అని.

అపోహ: ఆటలు, పాటలు, ఫ్లాష్‌కార్డులు ఎన్ని ఎక్కువుంటే క్లాసు అంత రక్తి కడుతుంది.

వాస్తవం: నా మొదటి డెమో మునిగింది ఇక్కడే. 20 నిమిషాల క్లాసు, రంగుల పేర్లు. కార్డుల కట్ట, చేతికి తొడుక్కునే బొమ్మ, ఒక పాట, అన్నీ మోసుకెళ్లాను. పిల్లలు కేరింతలు కొట్టారు. చివర్లో, డెమో చూసి ఎంపిక చేసే ప్యానెల్లో ఒకావిడ తన హ్యాండ్‌బ్యాగ్ చూపించి, ఇదేం రంగని ఓ పాపను ఇంగ్లిష్‌లో అడిగారు. పాప నా మొహం చూసింది. అందరితో కలిసి నా వెనక అనడమే తప్ప, తనంతట తాను ఆ మాట అనాల్సిన అవసరం ఆ పిల్లకు ఒక్కసారీ రాలేదు మరి. ఉద్యోగం రాలేదని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇప్పుడు ప్లాన్‌లో మొట్టమొదట రాసుకునేది, క్లాసు అయ్యేసరికి పిల్లలు సొంతంగా అనాల్సిన ఒకే ఒక్క వాక్యం. ఇన్, ఆన్, అండర్ చెప్పాలనుకోండి. ‘ఈజ్ ఇట్ అండర్ ద బుక్?’ అన్నదే ఆ వాక్యం. ముందు ఒక బంతి, ఒక డబ్బా పట్టుకుని నేను చేసి చూపిస్తాను. తర్వాత నేను చెప్పినట్టల్లా పిల్లలు తమ రబ్బరును పెన్సిల్ బాక్స్ లోపల, పైన, కింద పెడతారు. ఇప్పటిదాకా వాళ్లు నోరు విప్పక్కర్లేదు. జేమ్స్ ఆషర్ అనే సైకాలజిస్టు 1960ల్లో ప్రతిపాదించిన టీపీఆర్ (టోటల్ ఫిజికల్ రెస్పాన్స్, అంటే విన్నదాన్ని ఒంటితో చేసి చూపిస్తూ భాష నేర్చుకోవడం) పద్ధతి సారం ఇదే: ముందు విని చేయడం, మాట తర్వాత. ఆఖరున జంటలు. ఒకరు కళ్లు మూసుకుంటే ఇంకొకరు రబ్బరు దాస్తారు. ఎక్కడుందో నిజంగానే తెలియదు కాబట్టి అడిగి తీరాలి. అరిగిపోయిన ఒక్క రబ్బరుతో నడిచే ఈ ఆట, నా కార్డుల కట్టంతా చేయలేని పని చేస్తుంది.

అపోహ: టీచర్ గడగడా ఇంగ్లిష్ మాట్లాడితే ప్యానెల్ పడిపోతుంది.

వాస్తవం: ‘నౌ వాట్ ఐ వుడ్ లైక్ యూ ఆల్ టు డూ ఈజ్’ అని మొదలుపెడితే ఏడేళ్ల పిల్లాడు మధ్యలోనే దిగిపోతాడు. ‘క్లోజ్ యువర్ ఐస్’ చాలు. క్లాసులో ఇచ్చే సూచనలు నేను మాటకు మాట రాసుకుంటాను. అర్థమైందా అని మాత్రం అడక్కండి, అందరూ యస్ అనే అంటారు. కళ్లు మూసుకునేది ఎవరు అని అడిగితే అర్థమైందో లేదో తేలిపోతుంది.

అపోహ: ప్రశ్న వేశాక క్లాసు నిశ్శబ్దంగా ఉంటే డెమో పోయినట్టే.

వాస్తవం: టెన్షన్‌లో ఉన్నవాళ్లు ప్రశ్నా వేస్తారు, జవాబూ వాళ్లే చెప్పేస్తారు. మామూలు క్లాసుల్లోనూ ఇంతే. టీచర్లు ప్రశ్న వేశాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతున్నారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో గమనించారు. ఆ ఒక్క సెకను 3 సెకన్లయితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, తెలీదనడం తగ్గింది. మనసులో మూడు లెక్కపెట్టండి. ఆ మూడు సెకన్లూ మీకు యుగంలా ఉంటాయిగానీ వెనక కూర్చున్న మాకు ముచ్చటగా ఉంటుంది.

అపోహ: పిల్లల భాషలో ఒక్క మాట దొర్లినా తప్పే.

వాస్తవం: ఇది స్కూలును బట్టి ఉంటుంది, ముందే అడిగి తెలుసుకోండి. నా మటుకు నేను, బిక్కమొహం వేసిన పిల్లకు ఒక్క ముక్క వాళ్ల భాషలో చెప్పి మళ్లీ ఇంగ్లిష్‌లోకి వచ్చేవాళ్లకు మార్కు తగ్గించను.

అపోహ: రాసుకున్న ప్లాన్ మొత్తం పూర్తి చేసి తీరాలి.

వాస్తవం: చివరి ఐదు నిమిషాల్లో పరుగు మొదలైందంటే చూసేవాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. టైం చాలకపోతే ఏది వదిలేస్తారో ముందే అనుకుని, ప్లాన్‌లో దాని పక్కన పెన్సిల్‌తో గీత పెట్టుకోండి. నేనైతే పాట పక్కన పెడతాను. జంటల ఆట పక్కన ఎప్పుడూ పెట్టను.